ఒకటో నంబరు కత్తి

మా ఇంట్లో నలభై మూడు కత్తులు ఉండేవి. టమాటా తరగడానికి మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

ఈ మాట మొదట అన్నది మా ఆడపడుచు. వచ్చినప్పుడల్లా సాయం చేస్తానని వంటింట్లో కూర్చుని, రెండు టమాటాలు చితక్కొట్టి, ముందు గదిలో ఉన్న మా వారికి వినపడేలా అనేది.

"అన్నయ్యా, నీ మ్యూజియంలోంచి ఒకటి ఇటు పడెయ్యి. వదిన నా చేతికిచ్చింది కత్తి కాదు, గరిటె."

"అవి కోయడానికి కాదే."

"మరెందుకు, పడుకోబెట్టి జోల పాడ్డానికా?"

నిజానికి ఆయన వాటిని పడుకోబెట్టేవారు. ముందు గదిలో ఆరు సొరుగుల చెక్క బీరువా ఒకటి ఉంది. ప్రతి సొరుగులో మందపాటి ఆకుపచ్చ గుడ్డ పరిచి, ఒక్కో కత్తికీ దాని ఆకారంలోనే గుంట కత్తిరించారు. కత్తిని అందులో పెడితే అటూ ఇటూ కదలదు. మా వారు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తారు. పగలంతా వెంట్రుకవాసి తేడాలతోనే పని. ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోవు. అద్దం అంచును తడిమినట్టే కత్తి వెన్నును తడుముతూ కూర్చునేవారు. ఎవరి జోలికీ పోని అలవాటు, పోనీలే అనుకున్నాను.

వీటన్నిటికీ మొదలు మా నాన్న కత్తి.

నాన్న ఒక నర్సరీలో అంటుమొక్కలు కట్టేవాడు. అంటు కట్టే కత్తికి ఒకవైపే ఏటవాలుగా పదును పెడతారు. రెండోవైపు పలకలా చదునుగా ఉంటేనే కొమ్మ మీద కోత నున్నగా వస్తుంది. మామూలుగా ఆ ఏటవాలు కుడివైపు ఉంటుంది, అందరూ కుడిచేత్తో పని చేస్తారు కాబట్టి. నాన్నది ఎడమచేతి వాటం. తన కోసం ఒక కమ్మరి చేత ఏటవాలు ఎడమవైపు పెట్టించి, ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఎర్రచెక్క పిడి, ఇత్తడి మేకులు, మడిస్తే అరచేతిలో పట్టేంత. బొటనవేలు ఆనే చోట ముప్పై ఏళ్ళలో పిడి అరిగి చిన్న గుంట పడింది. నాన్న పోయాక అన్నయ్యలు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఒదగడం లేదని పక్కన పెట్టేశారు. నాదీ ఎడమచెయ్యే. నాకు ఒదిగింది. ఆ గుంటలో నా వేలు కొంచెం వదులుగా కూర్చునేది, అంతే.

పెళ్ళైన రెండో ఏడు ఆయన దాన్ని వంటింటి సొరుగులో చూశారు.

"దీంతోనా నువ్వు బీన్స్ తరుగుతున్నావు?"

"అవును. బాగా తెగుతుంది."

"తెగక ఏం చేస్తుంది. దీన్ని చేసినవాడెవడో మామూలు మనిషి కాదు."

వారం రోజులు సాయంత్రాలు కూర్చుని తుప్పు తీసి, మెరుగు పెట్టి, నూనె రాశారు. దాని కోసమే మొదటి గుంట కత్తిరించారు. ఒకటో నంబరు ఇచ్చారు. "మిగతావి వస్తాయి, పోతాయి. ఇది మాత్రం కదలదు," అన్నారు. నా పుట్టింటి వస్తువుకి పీట వేసి కూర్చోబెట్టినట్టు అనిపించింది. వంటింట్లోకి మొద్దుకత్తి ఒకటి కొనుక్కున్నాను.

కార్డులు నావి. నేను లైబ్రరీ కోర్సు చదివాను. ఉద్యోగం చేయలేదు గానీ చేతికి పట్టిన అలవాటు పోలేదు. ప్రతి కత్తికీ ఒక కార్డు, కార్డుకి నాలుగు లైన్లు. మొదటిది ఏం కత్తి, రెండోది ఏ ఉక్కు, ఏ పిడి. మూడోది దాన్ని గుర్తుపట్టే గుర్తు. నాలుగోది ఎలా వచ్చింది. ఇలాంటి కార్డులు రెండేసి రాసేదాన్ని. ఒకటి సొరుగులో కత్తి పక్కన, రెండోది నా దగ్గర చెప్పుల డబ్బాలో. కత్తి ఇల్లు దాటితే రెండో కార్డు వెనక ఎవరికి వెళ్ళింది, ఎప్పుడు వెళ్ళింది అని రాసేదాన్ని. ఎవరూ అడగలేదు. అలా చేయాలని నేర్చుకున్నాను, చేశాను.

మొదట్లో వెళ్ళేవి తక్కువ. ఒకే రకానివి రెండుంటే ఒకటి ఇచ్చి ఇంకోటి తెచ్చుకునేవారు. తర్వాత నచ్చనివి ఇవ్వడం మొదలైంది. ఆ తర్వాత నచ్చినవి కూడా. ఇవ్వడానికే తెచ్చినవి ఎప్పటినుంచి వచ్చాయో నేను కచ్చితంగా చెప్పలేను. గుంట కత్తిరించని కత్తులు రావడం చూశాను. అవి నాలుగు రోజులు అల్మరా మీద కాగితంలో ఉండి వెళ్ళిపోయేవి. అమ్మాను అనే మాట మాత్రం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. "ఇల్లు మారింది," అనేవారు, ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు.

ఈ ఇళ్ళు మార్చే పెళ్ళిళ్ళ పేరయ్య ఒకాయన ఉండేవాడు. టోపీ అనేవాళ్ళం. ఇంట్లో కూడా టోపీ తీయడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. సొరుగు లాగి, కత్తి కంటే ముందు కార్డు చదివేవాడు.

"చెల్లెమ్మా, మీ కార్డు పక్కనుంటే ఇనప ముక్కకి కూడా వంశవృక్షం వచ్చేస్తుంది. కార్డు లేకుండా నేను తీసుకోను, ముందే చెప్తున్నా."

"కార్డు రాసిందానికి ఏమీ లేదా మరి?" అన్నాను ఒకసారి, నవ్వుతూనే.

"మీకేం తక్కువమ్మా. ఊళ్ళో సగం సొరుగుల్లో మీ చేతిరాతే."

అది పొగడ్తే. కొన్నాళ్ళకి మా వారు కార్డు మీద 'అరుదైనది' అని ఒక మాట చేర్చమన్నారు. చేర్చను అన్నాను. అరుదో కాదో చదివేవాళ్ళు తేల్చుకుంటారు. ఆయన పట్టుబట్టలేదు. కిందటి ఏడు ఒక తెల్లటి ఎముక పిడి కత్తి తెచ్చారు. ఎన్నో ఏళ్ళుగా ఆశపడ్డది. దానికి కార్డు రాస్తూ ఎలా వచ్చింది అని అడిగితే, "ఆ లైను వదిలెయ్యి," అన్నారు. వదిలేశాను. నా కార్డుల్లో మూడే లైన్లున్నది అదొక్కటే.

*

ఈ వేసవి మొదట్లో ఆయన పంపిన పార్సిల్ ఒకటి కొరియర్ వాళ్ళ దగ్గర ఆగిపోయింది. పైన 'వంట సామాను' అని రాశారు. మెషీన్లో చూస్తే నాలుగు మడత కత్తులు. పది రోజులకి లైసెన్సుల ఆఫీసు నుంచి ఇంటికి ఉత్తరం వచ్చింది. ఏడాదిలో పన్నెండు కత్తులకు మించి చేతులు మారిస్తే అది వ్యాపారం, వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, లేకపోతే ఇంట్లో ఉన్నవన్నీ స్వాధీనం చేసుకుంటారు. మంగళవారం పదకొండు గంటలకు తనిఖీ ఆఫీసరు వస్తారు.

ఆయన ఉత్తరం మూడుసార్లు చదివారు.

"మనది వ్యాపారం ఏంటి? సరదా. స్నేహితుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం."

చెప్పుల డబ్బాలో కార్డులు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. బీరువాలో కత్తులు నలభై మూడు.

"ఆ డబ్బా ఎక్కడన్నా పెట్టు," అన్నారు, నా వైపు చూడకుండా. "ఆవిడో ఆయనో, వచ్చినవాళ్ళకి అదంతా ఎందుకు."

సోమవారం ఆయన షాపుకి వెళ్ళాక డబ్బాని కుట్టుమిషను కింద, పాత గుడ్డల మధ్య పెట్టాను. అక్కడితో ఆపాల్సింది. కానీ అన్నీ తీసుకుపోతే నాన్న కత్తి కూడా పోతుంది కదా అనిపించింది. దాన్ని కూడా ఆ గుడ్డల్లోనే చుట్టి పెడదామని మొదటి సొరుగు లాగాను. తుడిచే పని ఆయనదే కాబట్టి నేను ఆ కత్తిని చేతిలోకి తీసుకుని ఎన్నాళ్ళైందో కూడా గుర్తులేదు.

తీసి, ఎడమచేత్తో పట్టుకుని తెరిచాను. బొటనవేలు గుంటలో కూర్చుంది. చక్కగా, వదులు లేకుండా కూర్చుంది.

కిటికీ దగ్గరికి వెళ్ళి అంచు కిందికి పెట్టి చూశాను. ఏటవాలు కుడివైపు ఉంది. ఎడమవైపు పలకలా చదునుగా ఉంది.

అటు తిప్పాను, ఇటు తిప్పాను. తిప్పితే మారేది కాదు. ఎర్రచెక్క పిడే. ఇత్తడి మేకులే. గుంట మాత్రం అద్దంలా నున్నగా ఉంది, ఎక్కడా ఒక గీత లేదు. నాన్న వేలు ముప్పై ఏళ్ళలో చేసిన పనిని ఈయన ఎన్ని సాయంత్రాల్లో చేశారో. నేను వంట చేస్తున్నప్పుడు షాపు నుంచి తెచ్చుకున్న చిన్న రాయితో ఏదో అరగదీస్తున్న చప్పుడు వినపడేది. ఏ కత్తికో పదును పెడుతున్నారనుకున్నాను. ఎడమచేతి కత్తి ఎక్కడా దొరికి ఉండదు. దొరకదు కాబట్టే నాన్నది ఇల్లు మారింది.

పక్కనే కార్డు ఉంది. నా అక్షరాల్లాంటి అక్షరాలు. నేను 'ఎడమచేతి వాటం' అని రాసిన మూడో లైనులో, 'పిడి మీద బొటనవేలి గుంట' అని ఉంది. నా అసలు కార్డు కత్తితో పాటే వెళ్ళి ఉంటుంది. కార్డు లేకుండా టోపీ తీసుకోడు కదా.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు కుర్చీలో కూర్చున్నాను. రాలేదు. కోపం కూడా రాలేదు. పంటి డాక్టరు మత్తుసూది పొడిచాక దవడ మనది కానట్టు ఉంటుందే, అలా ఉంది. ఎముక పిడి కత్తి కార్డు తీసి చూశాను. మూడు లైన్లు. వదిలేసిన నాలుగో లైను ఏంటో ఇప్పుడు తెలిసింది. సొరుగు మూసేశాను. పాలవాడు బెల్లు కొడితే వెళ్ళి గిన్నె పట్టాను.

సాయంత్రం ఆయన వచ్చి, "డబ్బా పెట్టావా?" అన్నారు.

"పెట్టాను."

"నువ్వు లేకపోతే నా పని ఏమయ్యేదో," అన్నారు. నిజంగానే అన్నారు. చెప్పాలనుకుంటే చెప్పడానికి అది మంచి సమయం. ఆయన చెప్తారని నేను కంచాలు పెట్టేదాకా చూశాను. చెప్పాల్సింది ఒక్క మాటే. మజ్జిగ అడిగారు.

*

మంగళవారం వచ్చిన ఆఫీసరు ఒక లావుపాటి ఆవిడ. గట్టి జలుబుతో ఉంది. సంచిలోంచి ఫారాలు, చేతిరుమాళ్ళు కలిపి తీసింది. టీ ఇస్తే వద్దనలేదు.

"బాబ్బాబు, తలుపేసెయ్యండి, గాలి పడదు నాకు. ఆ, చెప్పండి. ఎన్నున్నాయి?"

"నలభై మూడండీ."

"అమ్ముతారా?"

"అబ్బే. సరదా మేడమ్. మాలాంటి వాళ్ళు నలుగురైదుగురు ఉన్నాం. ఒకరిది ఒకరికి నచ్చితే మార్చుకుంటాం."

"అందరూ ఇదే అంటారండీ. మొన్నొకాయన ఇంట్లో మూడు వందలున్నాయి. సరదాయేనట. ఆయన సరదాకి పక్కగదిలో ప్యాకింగ్ మనిషి కూడా ఉన్నాడు." ముక్కు తుడుచుకుంది. ఒక్కో సొరుగూ లాగి, కత్తులు ముట్టుకోకుండా కార్డులు చదువుతూ వెళ్ళింది. "రాసిందెవరు?"

"నేనండీ," అన్నాను.

"లైబ్రరీలో చేశారా?"

"కోర్సు చదివాను. ఉద్యోగం చేయలేదు."

"అనుకున్నా. మా అక్క లైబ్రేరియను. ఇంట్లో పచ్చడి సీసాలకి కూడా ఇలాగే రాస్తుంది. దేనికైనా రెండో కాపీ పెట్టుకుంటుంది, పిచ్చిది." నా మొహంలోకి చూసింది. "మీరూ అంతేనా?"

"కోర్సులో అలాగే నేర్పుతారండీ."

మా వారు టీ కప్పు బల్ల మీద పెట్టారు. చప్పుడైంది. ఆవిడ ఇంకొక్క క్షణం నన్ను చూసి, ఫారం వైపు తిరిగింది.

"నేను అందర్నీ అడిగేది ఒకటుంది. రూలు పుస్తకంలో లేదు, నా సొంతం. వ్యాపారికి ఇంట్లో అమ్మకూడనిది ఏదీ ఉండదు. సరదా మనిషికి ఒక్కటైనా ఉంటుంది. మీకుందా?"

ఆయన వెంటనే మొదటి సొరుగు లాగారు. ఆలోచించలేదు. ఒకటో నంబరు తీసి, రెండు చేతుల్లో పెట్టి చూపించారు.

"మా మామగారిది మేడమ్. అంటు కట్టే కత్తి. ఇదిగో, ఆయన బొటనవేలు ఆని ఆని ఇక్కడ గుంట పడింది. ప్రాణం పోయినా దీన్ని ఇవ్వను."

అది నటన కాదని నాకు తెలుసు. ఆ గుంట తడుముతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆఫీసరు కత్తి వైపు చూసి, నా వైపు తిరిగింది. "మీ నాన్నగారిదామ్మా?"

కాదు అనాలంటే బోలెడు మాటలు కావాలి. ఏటవాలు గురించి చెప్పాలి, ఎడమచెయ్యి గురించి చెప్పాలి, కమ్మరి గురించి, కార్డు గురించి, నర్సరీ గురించి చెప్పాలి. జలుబు చేసిన పరాయి మనిషికి మా నాన్న చేతుల గురించి చెప్పాలి. చెప్పాక నలభై మూడు కత్తులూ వెళ్ళిపోతాయి. నాన్నది ఎలాగూ వాటిలో లేదు. అవును అనడానికి ఒక్క మాట చాలు.

"అవునండీ," అన్నాను.

ఆవిడ రాసుకుంది. 'ఒకటో నంబరు. భార్య తండ్రి వస్తువు. విక్రయానికి కాదు.' కింద మా ఇద్దరి సంతకాలు తీసుకుంది. పార్సిల్లో పట్టుబడ్డ నాలుగూ తిరిగి రావని, ఇంకోసారి పట్టుబడితే మాటలుండవని చెప్పింది. గుమ్మం దగ్గర ఆగి, "మీరు ఉద్యోగం చేయాల్సిందమ్మా," అంది నాతో. వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. "గండం గడిచింది," అన్నారు.

బల్ల మీద ఒకటో నంబరు అలాగే తెరిచి ఉంది. తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కడిగి, తుడిచి, టమాటాలు ముందు పెట్టుకుని తరగడం మొదలుపెట్టాను. ఎడమచేతిలో అది పక్కకి లాగేస్తోంది. ముక్కలు ఒకవైపు మందంగా, ఒకవైపు కాగితంలా పల్చగా వస్తున్నాయి.

చప్పుడు విని ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"అది... ఒకటో నంబరు కదా."

"అవును. మా నాన్నది."

"పులుపు తగిలితే ఉక్కు నల్లబడుతుంది."

"నా కత్తే కదండీ. నల్లబడనివ్వండి."

ఆయన నా చేతిని చూశారు. అది ఎడమచెయ్యని అప్పుడే కనిపించినట్టు చూశారు. తర్వాత కత్తిని, దాని ఏటవాలు ఏ వైపు ఉందో చూశారు. తర్వాత పళ్ళెంలో ముక్కల్ని. నేను ఇంకో టమాటా తీసుకున్నాను. నాన్నది కాదు, అక్కడ పెట్టు అనడానికి ఆయనకిక వీల్లేదు. నాన్నదే కాబట్టి జాగ్రత్తగా వాడు అనడానికి నోరు రాలేదు. వెళ్ళి పేపరు తీసుకున్నారు.

అప్పటినుంచి అది వంటింటి సొరుగులోనే ఉంది. ముందు గదిలో మొదటి గుంట ఖాళీ. కార్డు కూడా తీసేశాను.

శనివారం ఆయన షాపు నుంచి ఆలస్యంగా వచ్చారు. చేతులు కడుక్కుంటూ, కుళాయి వైపు చూస్తూ అన్నారు.

"టోపీ దగ్గరికి వెళ్ళాను."

"ఊఁ."

"అతని దగ్గర లేదట. ఎప్పుడో వెళ్ళిపోయిందట. ఎవరికో చెప్పలేనంటున్నాడు."

"ఏది?" అన్నాను.

ఆయన తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నారు, అద్దాలు తుడిచినట్టు. తువ్వాలు మడిచి తీగ మీద వేశారు. అంచులు కలవలేదని మళ్ళీ తీసి వేశారు.

"ఏం లేదులే," అన్నారు.

ఆ మర్నాడు కుట్టుమిషను కింద నుంచి డబ్బా తీసి, ఒకటో నంబరు రెండో కార్డు వెతికాను. అన్నిటికంటే అడుగున ఉంది, కాగితం పసుపు పచ్చబడింది. మూడో లైనులో 'ఎడమచేతి వాటం'. వెనక్కి తిప్పి రాశాను. వెళ్ళింది. తేదీ తెలియదు. ఎక్కడికో తెలియదు. అన్ని కార్డుల్లో తెలియదు అన్న మాట రాయడం అదే మొదటిసారి. డబ్బాని అల్మరాలో, అందరికీ కనపడే చోట పెట్టాను. ఆయన దాన్ని చూశారు.

తర్వాతి వారం మా ఆడపడుచు వచ్చింది. ఎప్పటిలాగే పీట లాక్కుని కూర్చుంది. నేను సొరుగులోంచి కత్తి తీసి ఇచ్చాను.

"అబ్బో, మొత్తానికి వంటింట్లోకి ఒక కత్తి వచ్చిందే. పొద్దున ఎవరి మొహం చూశానో." టమాటా కోసింది. మళ్ళీ కోసింది. "ఎంత బాగా తెగుతోంది వదినా. వేలు పెట్టుకోవడానికి గుంట కూడా ఉందే. ఎక్కడిది?"

ముందు గదిలో పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

"మీ అన్నయ్య చేశారు," అన్నాను.

"అన్నయ్యా? కత్తులు చేయడం కూడా మొదలెట్టాడా?" ముందు గది వైపు గొంతు పెంచింది. "ఏరా అన్నయ్యా, చెప్పనే లేదు?"

ముందు గదిలో పేపరు మళ్ళీ తిరిగింది.

"పక్కకి లాగడం లేదా?" అని అడిగాను.

"లేదే. నున్నగా పోతోంది," అంది.

ఆమెది కుడిచెయ్యి. ముక్కలన్నీ ఒకే మందంలో పళ్ళెంలో పడుతున్నాయి. నేను పొయ్యి వెలిగించాను.